గురుడి కోసం ఆపిన పదమూడు మోటార్లు

మా ముత్తాత రంగారావు గద్వాల సంస్థానం కింద పదకొండు ఊళ్లకు శిస్తు వసూలు చేసే దేశాయి. మా తాత నరసింగరావు వస్తున్నాడంటే తుంగభద్ర రేవులో పడవ ఆగేదని పెద్దవాళ్లు చెప్పేవారు. మా నాన్న మనోహరరావు కాలానికి పేరు మిగిలింది, ఊళ్లు మిగలలేదు. నేను గద్వాలలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఇరవై రెండేళ్లుగా కాంట్రాక్టు లెక్చరర్‌ని. ఇందులో దాచుకోవలసింది ఏమీ లేదు, దీనికి ఎవరి జాలీ అక్కర్లేదు.

ఈ సంగతి 2023 వానాకాలంలో జరిగింది. గద్వాలకూ అలంపూర్‌కూ మధ్య, రెండు నదుల నడుమ నడిగడ్డలో ఉన్న మా ఊళ్లో.

నా ఉద్యోగం పాఠం చెప్పడమే అయినా నా పని ఇంకొకటి ఉంది. గురుగ్రహం నుంచి వచ్చే రేడియో తరంగాలను వింటాను. మా పాత దొరల ఇల్లు, గడి వెనక గుర్రాల సాల ఉండేది. దాని కప్పు కూలిపోయాక మిగిలిన టేకు దూలాల్లో నాలుగింటిని దొడ్డిలో పాతి, వాటి మధ్య రెండు రాగి తీగలు కట్టాను. ఒక్కో తీగ ఇరవై మూడు అడుగులు. దీన్ని డైపోల్ యాంటెన్నా అంటారు. నడిమధ్యన తెంపి, కేబుల్ తగిలించిన తీగ, అంతే. ఆ కేబుల్ వచ్చి ఒక చిన్న రిసీవర్‌లో చేరుతుంది. రిసీవర్ చప్పుడు వినిపిస్తుంది, ల్యాప్‌టాప్ ఆ చప్పుడును బొమ్మగా గీస్తుంది. ఆ బొమ్మను స్పెక్ట్రోగ్రామ్ అంటారు. ఏ క్షణాన ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత బలం ఉందో దానిలో కనబడుతుంది. పెద్ద దుర్బిణీలు కొనలేనివాడు కూడా చేయగల పని ఇది. మబ్బు పట్టినా ఆగదు. గురుడు కనబడకపోయినా వినబడతాడు.

వినబడేది ఏమిటో చెప్పాలి. గురుడి చుట్టూ ఉన్నది ఖాళీ జాగా కాదు. ఆ గ్రహపు చందమామల్లో ఒకటైన అయో మీద అగ్నిపర్వతాలు ఉన్నాయి. అవి కక్కిన వాయువు విడిపోయి ఎలక్ట్రాన్లు, అయాన్లుగా మారుతుంది. దాన్నే ప్లాస్మా అంటారు. ఆ ప్లాస్మా గురుడి చుట్టూ ఒక కడియంలా పరుచుకుని ఉంటుంది. గురుడి అయస్కాంత క్షేత్రం ఆ కడియాన్ని పట్టుకుని, తనతోపాటు పది గంటలకు ఒక చుట్టు తిప్పుతుంది. అయో అంత వేగంగా తిరగదు. అది ఆ వడికి అడ్డం పడుతుంది. కట్టిన మోకును మధ్యలో కొడితే అదురు రెండు కొసలకూ పరుగెత్తినట్టు, అయో దగ్గర పుట్టిన ప్లాస్మా తరంగం అయస్కాంత రేఖల వెంట గురుడి ధ్రువాలకు పరుగెడుతుంది. దారిలో ఎలక్ట్రాన్లను తరుముతుంది. అవి రేడియో తరంగాలను వదులుతాయి. ఆ ప్లాస్మా తరంగాలు చాలావరకు అక్కడే ఉండిపోతాయి. వాటిని వినాలంటే అంతరిక్ష నౌక అక్కడికి పోవాలి. వాటి వల్ల పుట్టిన రేడియో కేక మాత్రం నలభై నిమిషాలు ప్రయాణం చేసి మా గుర్రాల సాల దొడ్డిదాకా వస్తుంది. కానీ ఎప్పుడు పడితే అప్పుడు రాదు. గురుడి ముఖం ఒక వైపు తిరిగి ఉండాలి, అయో ఒక చోట ఉండాలి, మనకు తెల్లవారుజాము అయి ఉండాలి. పొద్దెక్కితే మన వాతావరణం పైపొరే ఆ కేకను ఆపేస్తుంది.

ఎస్తేరు నా దగ్గర డిగ్రీ చదివింది. మా ఊరి పిల్లే. వాళ్ల అమ్మ మార్తమ్మ వరి నాట్లేసే ఆడవాళ్ల ముఠాకు పెద్ద. ఎస్తేరు వనపర్తిలో ఎమ్మెస్సీ చదువుతూ, సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడల్లా యాంటెన్నా దగ్గర కూర్చునేది. ఆ ఏడు జూలైలో ఒక తెల్లవారుజామున ఆమెకు ఆరు నిమిషాల తుఫాను దొరికింది. తుఫాను అంటే ఈ వృత్తిలో కేకలు వరసగా వచ్చే సమయం. నగరంలోని ఒక పరిశోధన సంస్థ పిహెచ్‌డి సీట్లకు దరఖాస్తులు పిలిచింది. మార్కులు తక్కువైనా సొంతంగా చేసిన పరిశీలన ఉంటే ఇంటర్వ్యూకు పిలుస్తామన్నారు. ఎస్తేరు మార్కులు గొప్పవి కావు. సగం సెమిస్టర్లు ఆమె నాట్లకు పోతూ చదివింది. అందుకని ఆ ఆరు నిమిషాలే ఆమె దరఖాస్తు. దాని కింద నేను సంతకం చేశాను. జూలైలో ఊళ్లో ఇంకా మడులు తడపడం మొదలు కాలేదు. “ఆ వేళ ఈ చుట్టుపక్కల మోటార్లు నడవవు” అని నా చేత్తో రాశాను.

పదిహేను రోజులకు జవాబు వచ్చింది. రికార్డింగులో కరెంటు చప్పుడు స్పష్టంగా ఉందనీ, గ్రామీణ విద్యుత్ వాతావరణంలో చేసిన ఇలాంటి పరిశీలనను నమ్మలేమనీ, పది రోజుల్లో శుభ్రమైన రికార్డింగు పంపకపోతే దరఖాస్తును పక్కన పెడతామనీ రాశారు.

“నమ్మలేమన్నారు సార్,” అంది ఎస్తేరు. ఫోను నాకు ఇచ్చి గోడకు ఆనుకుని నిలబడింది.

“చదివాను.”

“మోటర్లు నడవలేదని మీరు రాసిండ్రు కద. మల్ల ఆ గీతలేంది?”

స్పెక్ట్రోగ్రామ్‌లో నిలువుగా, సమానమైన ఎడంతో గీతలు ఉన్నాయి. కరెంటు లైను సెకనుకు యాభై సార్లు మారుతుంది. ఎక్కడైనా మోటారు స్టార్టర్‌లో కాంటాక్టులు మాడి నిప్పురవ్వలు కక్కితే ఆ చప్పుడు సెకనుకు వంద సార్లు, గడియారం కొట్టినట్టు పడుతుంది. గురుడు అలా ఒక పద్ధతిగా రాడు. ఆ గీతల మధ్య ఆరు నిమిషాల పాటు మబ్బుల్లా లేచి అణిగినవే గురుడి కేకలు. నాకు తెలుసు. తెలిస్తే సరిపోదు, చూపించాలి.

“పది రోజుల్లో మళ్లీ ఎప్పుడు?” అన్నాను.

ఆమె అప్పటికే లెక్క వేసుకుని ఉంది. “ఒక్కటే ఉంది సార్. వచ్చే శుక్రవారం. పొద్దుగాల నాలుగుంబావు నుంచి ఐదుంబావు దాక. ఆ తర్వాత మల్ల అయో అక్కడికొచ్చే సరికి గడువు ఐపోతది.”

ఆ రోజుల్లో మా ఊరి ఫీడర్ లైనుకు మోటార్లు నడిపే త్రీఫేజ్ కరెంటు తెల్లవారుజామున సరిగ్గా నాలుగింటికి వచ్చేది. వానలు వెనకబడ్డాయి. కాలువ నీళ్లు మా ఊరి చివరకు చేరలేదు. ప్రతి బోరు మీదా మడులు తడుస్తున్నాయి. మా వైపు రైతులు మోటార్లకు ఆటో స్టార్టర్లు పెట్టుకుంటారు. కరెంటు రాగానే మనిషి లేకుండానే మోటారు తనంతట తాను మొదలవుతుంది. అంటే శుక్రవారం నాలుగింటికి ఊరంతా ఒక్కసారి చప్పుడు మొదలవుతుంది.

నేను కాగితం తీసుకుని యాంటెన్నా నుంచి అర కిలోమీటరు లోపల ఉన్న బోర్లన్నీ రాశాను. పన్నెండు. ఎవరిది ఏ బోరో నాకు ఒకరిని అడగనక్కర్లేదు. ఆ భూములన్నీ ఒకప్పుడు మావే.

ఆ సాయంత్రం బీచుపల్లి అనే రైతు మడి దగ్గరకు వెళ్లాను, ఎస్తేరు వెంట వచ్చింది. అతని తాత మా గుర్రాలు కాసేవాడు. బీచుపల్లికి ఇప్పుడు తొమ్మిదెకరాలు, రెండు బోర్లు.

“శుక్రవారం తెల్లవారుజామున నాలుగు నుంచి ఐదున్నర దాకా మోటార్లు ఆపాలి,” అన్నాను.

అతను ఒడ్డు మీద కూర్చుని పార కడుక్కుంటున్నాడు. తలెత్తలేదు. “ఎందుకంట?”

“గురుగ్రహం నుంచి వచ్చే రేడియో తరంగాలు రికార్డు చేయాలి. మోటార్లు అడ్డం వస్తున్నాయి.”

“గురుడు నా బోరు నీళ్లు చూసి భయపడతడా ఏంది?” అని పక్క మడిలో ఉన్న మనిషి వైపు చూసి నవ్వాడు. తర్వాత నా వైపు తిరిగాడు. “ఒక్కటి చెప్పు సారూ. ఆపుమని చెప్పనీకొచ్చినవా, ఆపుతవా అని అడగనీకొచ్చినవా?”

నేను చేతిలోని కాగితం మడిచాను.

“చెప్పనీకొస్తే, చెప్పే కాలం పోయింది. అడగనీకొస్తే, ఇంకా అడగకపోతివి. నారు ముదురుతుంది నాకు. పోయి రా.”

ఎవరినీ ఏదీ అడగకుండా బతకడం మా ఇంట్లో నేర్పిన మొదటి పాఠం. లేమి వచ్చాక ఆ పాఠం ఇంకా గట్టిపడింది. మిగతా పదిమంది దగ్గరకూ వెళ్లాను. పదిచోట్లా అదే మాట అదే గొంతుతో చెప్పాను. ఇద్దరు చూద్దామన్నారు. ఒకతను మా ఇంట్లో బియ్యం ఉన్నాయా అని అడిగాడు. తక్కినవాళ్లు పనిలో ఉన్నట్టు నటించారు. గడికి తిరిగి వచ్చేదాకా ఎస్తేరు నా వెనకే నడిచింది.

మెట్ల దగ్గర ఆగి, “సార్, మా అమ్మకు చెప్పనా?” అంది.

“మీ అమ్మ ఏం చేస్తుంది?”

“నాట్లేస్తది సార్,” అంది. ఆ మాటలోనే అంతా ఉందని నాకు అప్పుడు అర్థం కాలేదు.

మార్తమ్మ మర్నాడు పొద్దున్న వచ్చింది. పనికి పోతూ వచ్చింది, చీర మోకాళ్లదాకా ఎగగట్టి ఉంది. ఆమె అత్త మా గుర్రాల సాల ఊడ్చేది. ఆ ఇంటి మనుషులు మా మెట్లు ఎక్కడం మా తాత కాలంలో లేదు, మా నాన్న కాలంలోనూ లేదు. నేను కుర్చీ జరిపి కూర్చోమన్నాను.

“కూసుంటే ఐతదా దొరా? మడి ఆడ వానిది ఈడ వీనిది, ఎదురుచూస్తుండ్రు,” అంది. కుర్చీ వైపు ఒకసారి చూసింది, అంతే. “మా పిల్ల రెండు దినాల సంది బువ్వ తింటలేదు. ఆ చప్పుడు దొరకకుంటే దాని సదువు ఈడికే ఆగుతదంట. నిజమేనా?”

“నిజమే.”

“నువ్వు పోయి అడిగితే ఎవ్వడు ఇనలేదంట.”

“నేను చెప్పాను.”

“గదే గద లొల్లి.” ఆమె నవ్వింది. “మీ తాత మాటంటే రేవుల పడవ ఆగేదంట. నీ మాటకు ఒక్క మోటరు ఆగకపాయె. ఉండనీ. నేను పోత. నువ్వు గూడ రావాలె.”

“నేనెందుకు?”

“పిల్ల నాది, తీగలు నీవి. ఇద్దరం పోతే పనైతది. ఉత్తగ పక్కన నిలవడు సాలు. ఒక్క మాట మాట్లాడొద్దు.”

నేను వెళ్లాను. ఎందుకు వెళ్లానంటే, నమ్మలేమన్న ఆ ఉత్తరం నా జేబులో ఉంది. మా ఊరి చప్పుడు వాళ్లకు కనబడింది గానీ మా ఊరి పని కనబడలేదు. దానికి జవాబు చెప్పకుండా వెన్ను నిలబెట్టుకుని ఇంట్లో కూర్చుంటే అది వెన్ను కాదు, కట్టె.

మార్తమ్మ బీచుపల్లి మడి ఒడ్డున నిలబడి గొంతెత్తింది. నాలుగు మడుల అవతలికి వినబడాలని.

“ఓ బీచన్నా! శుక్రారం పొద్దుగాల గంటన్నర మోటరు బంద్ వెట్టాలె.”

“నీక్కూడ గురుడు కావాల్నా మార్తీ?”

“నాకు కాదు, నా బిడ్డకు. గంటన్నర నీళ్లు లేకుంటే నీ మడి సస్తదా?”

“సావది. కని ఎందుకు బంద్ వెట్టాలె?”

“వెట్టకు. వెట్టినోళ్ల మడి ముందు నాటుతం. వెట్టనోళ్లు నాగర్‌కర్నూల్ దిక్కు పోయి ముఠా తెచ్చుకోండ్రి. తెలకపల్లి కాడ దొరుకుతరంట, జర ఎక్కువడుగుతరు.”

బీచుపల్లి పార కింద పెట్టాడు. నా వైపు చూశాడు. నేను మాట్లాడకుండా నిలబడ్డాను. నా జన్మలో అంత కష్టమైన పని ఇంకొకటి చేయలేదు.

“సారును గూడ తోలుకొచ్చినవ్,” అన్నాడు.

“సారు గూడ అడుగుతుండు. నోరు రాదు, అంతే.”

బీచుపల్లి పెద్దగా నవ్వాడు. “సరే తియ్యి. నా రెండూ బంద్. ఆటో తీసేపిస్త.”

సాయంత్రానికి కాగితం మీద పన్నెండు బోర్ల పక్కనా టిక్కు పడింది. ముగ్గురు మాత్రం కారణం అడిగారు. ఎస్తేరు ఒడ్డు మీద కూర్చుని ముగ్గురికీ విడివిడిగా చెప్పింది, అయో గురించి, మోకు అదిరే సంగతి గురించి. మోకు పోలిక నాది కాదు, ఆమెది.

శుక్రవారం మూడున్నరకే మేమిద్దరం దొడ్డిలో ఉన్నాం. మబ్బు పట్టి ఉంది. రాయచూరు వైపు దూరాన ఎక్కడో మెరుస్తోంది. మెరిసినప్పుడల్లా రిసీవర్‌లో ఒక్క చిటుకు. దాన్ని గుర్తుపట్టడం తేలిక, తీసేయడం తేలిక. మిగతాది ఒక సన్నటి హోరు. అది పాలపుంత నుంచి వచ్చే చప్పుడు. ఈ పనిలో ఆ హోరు వినబడిందంటే గది ఊడ్చి ఉన్నట్టు లెక్క.

నారు పీకడానికి పోయే ఆడవాళ్లను వెంటేసుకుని మార్తమ్మ వచ్చింది. గోడ బయట నిలబడ్డారు. “మాట్లాడుకోవచ్చా, గురుడు ఇంటడా?” అని ఎవరో అంటే మిగతావాళ్లు నవ్వారు.

నాలుగైంది. బజారులో స్తంభం దీపం ఒకసారి మిణుకుమని నిలిచింది. త్రీఫేజ్ వచ్చింది. నేను ఊపిరి బిగబట్టి విన్నాను. ఊళ్లో చప్పుడు లేదు. రిసీవర్‌లో మాత్రం గరగరమని మొదలైంది. హోరు మునిగిపోయింది. ల్యాప్‌టాప్ మీద నిలువు గీతలు, పాత రికార్డింగులో ఉన్నవే, అదే ఎడంతో.

“సార్, ఒకటి నడుస్తుంది,” అంది ఎస్తేరు.

“బీచుపల్లి మాట తప్పాడు,” అన్నాను. అంతవరకు మింగిన కోపమంతా ఆ మాటలో వచ్చింది. “గుర్రాలు కాసినవాళ్ల మాట నమ్మి…”

గోడ అవతల నవ్వు ఆగిపోయింది. మార్తమ్మ చీకట్లో గట్టు ఎక్కి చెవి అటూ ఇటూ తిప్పి విన్నది. దిగి పొలాల్లోకి నడిచింది. పది నిమిషాలు పట్టింది. నాలుగూ ఇరవైకి తిరిగి వచ్చింది.

“బీచుపల్లి మోటర్ల కాడ వాడే పండుకున్నడు, కరెంటొస్తే ఎవడన్న వేస్తడేమోనని. మాట తప్పింది వాడు కాదు దొరా. నడుస్తున్నది నీ మోటరు.”

“నాకు మోటారు లేదు.”

“కుంట కింది రెండెకరాలు ఎవరివి?”

“అది తిమ్మప్ప కౌలుకు చేస్తున్నాడు. మోటారు అతనిదే.”

“సర్వీసు ఎవరి పేరున ఉంది?”

మా తాత పేరున ఉంది. చనిపోయి నలభై ఏళ్లు దాటినా ఆ కనెక్షన్ నరసింగరావు పేరునే నడుస్తోంది. ఆ బోరు యాంటెన్నాకు అందరి బోర్ల కంటే దగ్గర. నా కాగితంలో అది లేదు. మాకు మిగిలిన ఆ రెండెకరాల్లో నేను ఎన్నడూ దిగలేదు, ఆ స్టార్టర్ ఎన్నడూ తాకలేదు. కాబట్టి అది నా లెక్కలో మోటారే కాదు. మోటార్లు నడవవని నేను సంతకం చేసిన ఆ పాత రికార్డింగులో గీతలు గీసింది కూడా అదే.

తిమ్మప్ప చుట్టాల ఇంట్లో పెళ్లి ఉండి అలంపూర్ పోయాడు. పోతూ ఆటో వేసి, రాగి తీగల దొంగలకు భయపడి స్టార్టర్ డబ్బాకు తాళం వేసి పోయాడు.

నేను పంచె ఎగగట్టి పరుగెత్తాను. నాకు అప్పటికి యాభై రెండేళ్లు. తడి ఒడ్డు మీద రెండుసార్లు జారాను. రెండోసారి మోకాలి లోతు బురదలో పడ్డాను. వెనక ఆడవాళ్లు నవ్వడం వినబడింది. లేచాను. డబ్బా దగ్గర ఒక గుండు రాయి దొరికింది. మూడు దెబ్బలకు తాళం ఊడింది. లోపల దీపాలు, రెండు బటన్లు, పక్కన ఒక చిన్న మీట. మాడిన వాసన. కాంటాక్టుల దగ్గర నీలం రవ్వలు నా కళ్లకే కనబడుతున్నాయి. చేయి ఏ బటన్ మీద వేయాలో తోచలేదు. ఎలక్ట్రానిక్స్ పాఠం చెప్పేవాడిని.

“ఎర్రది దొరా! ఎర్రది ఒత్తు!” అని వెనక నుంచి మార్తమ్మ అరిచింది. “ఆటో గూడ కిందికి తియ్యి, లేకుంటే మల్ల లేస్తది!”

ఒత్తాను. మీట కిందికి తీశాను. మోటారు ఒక మూలుగు మూలిగి ఆగింది. మడిలో పడుతున్న నీళ్ల ధార సన్నబడి చుక్కలైంది. అంత నిశ్శబ్దం మా ఊళ్లో నేను ఎరగను.

దొడ్డికి వచ్చేసరికి నాలుగూ నలభై రెండు. ఎస్తేరు తెర మీద నుంచి కళ్లు తీయకుండా చేయి పైకెత్తింది, మాట్లాడవద్దని. గీతలు లేవు. పాలపుంత హోరు ఒక్కటే ఉంది. రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో ఆ పిల్ల వేళ్లు బల్ల అంచును పట్టుకున్న తీరు నాకు ఇప్పటికీ గుర్తు.

తర్వాత వచ్చింది. హోరు మీద ఒక పెద్ద ఊపు లేచి అణిగింది. ఇంకొకటి. వెంటనే మూడు కలిసి. తెర మీద మబ్బులు వరసగా పరుచుకున్నాయి.

మార్తమ్మ గోడ మీద నుంచి వంగి వింది. “గిదేనా?”

“గిదే అమ్మా,” అంది ఎస్తేరు.

“చేటల వడ్లు చెరిగినట్టుంది.”

ఇరవై రెండేళ్లలో ఆ చప్పుడుకు అంత సరైన పోలిక నేను ఎవరి దగ్గరా వినలేదు. వృత్తిలో దీన్ని ఎల్-బర్స్ట్ అంటారు. ఒకటి రెండు సెకన్లు లేచి అణిగే కేక. పదకొండు నిమిషాలు నడిచింది. మా తాత మోటారు త్రీఫేజ్ అందుకుని గరగరమని మొదలైన వేళకు అటూ ఇటూగా గురుడి దగ్గర బయలుదేరిన కేకలవి. దారిలో ఉండగా మేం తాళం పగలగొట్టాం.

తుఫాను ఆగాక ఎస్తేరు ఇంకొక పని చేసింది. అది నాకు తట్టలేదు. “సార్, ఇప్పుడు మీ మోటరు వేయిస్తరా?” అంది. ఎందుకన్నాను. “గీతలు ఎక్కడియో చూపెట్టాలె కద.” మార్తమ్మ పోయి పచ్చ బటన్ ఒత్తింది. గీతలు వచ్చాయి. ఎర్రది ఒత్తింది. పోయాయి. మూడుసార్లు.

పొద్దెక్కాక నేను బీచుపల్లి దగ్గరకు వెళ్లాను. బురద ఆరిన పంచెతోనే. తెల్లవారకముందు నేనన్న మాట అతని దాకా పోయిందని అతని ముఖం చెప్పింది.

“తప్పు మాట అన్నాను. నా మోటారు అది,” అన్నాను.

“ఇన్న.” కాసేపు బీడీ తాగాడు. “మా తాత మీ గుర్రాలు కాసిండు. మాట గూడ కాసిండు. రెండూ కలిపి సూడకు సారూ.”

“చూడను.”

“ఇంతకు దొరికిండా గురుడు?”

“పదకొండు నిమిషాలు.”

“గంతేనా! గంటన్నర బంద్ వెట్టిపిస్తిరి!” అన్నాడు. అప్పుడు గానీ ముఖం విప్పలేదు.

సంస్థకు పంపిన ఉత్తరం ఎస్తేరు రాసింది. నేను ఒక పేరా చేర్చాను. మొదటి రికార్డింగులో ఉన్న కరెంటు చప్పుడు నిజమేననీ, అది నా సొంత మోటారుదనీ, చూడకుండా సంతకం చేసిన తప్పు నాదనీ రాశాను. అదే పేరాలో ఇది కూడా రాశాను. చప్పుడు ఉన్న ఊరిని నమ్మలేమనడం శాస్త్రం కాదు. చప్పుడు ఎక్కడిదో వెతికి పట్టుకుని ఆపడం శాస్త్రం. అది మా ఊరు చేసింది. ఇది మోటారు, ఇది గురుడు, రెండు ఫైళ్లూ జత చేశాం. తేడా తెలియకపోతే మేం వచ్చి చెబుతాం. ఆ ఆఖరి వాక్యం తీసేయమని ఎస్తేరు రెండుసార్లు అడిగింది. తీయలేదు.

ఇంటర్వ్యూకు పిలిచారు. నగరానికి ఎస్తేరు వెంట మార్తమ్మ వెళ్లింది, నాట్లు ఒక రోజు ఆపి. నేను వెళ్లలేదు. పరీక్ష నాది కాదు. లోపల ఏం జరిగిందో ఎస్తేరు వచ్చి చెప్పింది. గురుడి గురించి, అయో గురించి, ప్లాస్మాలో తరంగాలు ఎన్ని రకాలుగా నడుస్తాయో అడిగారట. చెప్పింది. చివర కమిటీలో పెద్దాయన, నమ్మలేమని ఉత్తరం రాసిన ఆయనే, కళ్లద్దాలు తీసి అడిగాడట.

“ఊళ్లో పదమూడు మోటార్లు ఎవరు ఆపించారమ్మా? మీ లెక్చరరా?”

“మా అమ్మ సార్. నాట్లేస్తది.”

“మరి మీ లెక్చరరు?”

“వాళ్ల మోటరు గూడ అమ్మనే ఆపించింది సార్.”

గదిలో అందరూ నవ్వారట. ఎస్తేరు ఈ మాట నాకు చెప్పడానికి కొంచెం జంకింది. జంకవలసిన పని లేదన్నాను. ఉన్న మాటే చెప్పింది. సీటు వచ్చింది. ఇప్పుడు ఆమె గురుడి దగ్గరకు పోయిన నౌకలు పంపిన ప్లాస్మా తరంగాల మీద పని చేస్తోంది. భూమి దాకా రాని తరంగాలవి. సెలవుల్లో వస్తే మాత్రం మా దొడ్డిలోనే కూర్చుంటుంది.

ఈ సంగతి నాకు నేర్పినది పెద్ద సూత్రమేమీ కాదు. ఏ పరిశీలనకైనా ముందు చప్పుళ్ల జాబితా రాస్తాం. చుట్టుపక్కల ఏ యంత్రం ఏ అడ్డం తెస్తుందో రాసుకునే కాగితం అది. అప్పటి నుంచి ఆ కాగితంలో మొదటి వరుస నా ఇల్లు. రెండో వరుస నా పొలం. ఊరు ఆ తర్వాత. నా విద్యార్థులకూ అలాగే నేర్పుతున్నాను. అడగడం కూడా నేర్చుకున్నాను, బాగా కాదు, సరిపడా. వెన్ను వంగిందని అనుకునేవాళ్లు అనుకోవచ్చు. వచ్చి యాంటెన్నా కింద నిలబడి చూస్తే తెలుస్తుంది, నాలుగు దూలాలూ నిటారుగానే ఉన్నాయి.

నిరుడు గుర్రాల సాల దొడ్డిలో యాంటెన్నా ఉన్న వంతు ఉంచుకుని, మూడు వంతులు బీచుపల్లికి అమ్మాను. దస్తావేజులు రాసే ఆయన అలా రాయడం కుదరదన్నా, ఉత్తర దిక్కు హద్దుగా “గురుడి యాంటెన్నా” అనే రాయించాను.